వార్త ఎవరి గురించో వాళ్ళే చదవలేకపోతే

వైకల్య పింఛను నిబంధనలు మారాయి అనుకుందాం. మర్నాడు వార్తలో మంత్రి మాట ఉంటుంది, దానికి ప్రతిపక్షం జవాబు ఉంటుంది, ఒక తల్లి ఆవేదన ఉంటుంది, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి వ్యాఖ్య ఉంటుంది. పింఛను తీసుకునే మనిషి మాట మాత్రం కనపడదు. ఏ తేదీలోగా ఏ కాగితం ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమవుతుంది అన్న సంగతి ఎక్కడో చివరి పేరాలో ఒక అరవాక్యం. ఆ అరవాక్యం కూడా అతనికి అర్థమయ్యే భాషలో ఉండదు.

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ (శరీర కదలికలను దెబ్బతీసే స్థితి), మేధో వైకల్యం వంటి ఎదుగుదల వైకల్యాల మీద వార్తలు రాసేవాళ్ళకి, సంస్థల తరఫున న్యూస్‌లెటర్లు, వీడియో బులెటిన్లు నడిపేవాళ్ళకి పనికొస్తుందని ఈ పోస్టు. మేం చెప్పేది ఒక్కటే. ఆ వైకల్యం ఉన్న వ్యక్తినే మొదటి పాఠకుడిగా పెట్టుకోండి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అధికారులు, దాతలు ఆ తరవాత. ఈ వరస మార్చగానే ఎవర్ని అడగాలి, ఏది సరిచూడాలి, ఎంత పొడుగు రాయాలి అన్నవన్నీ మారతాయి. ఇదేదో దయతో చేసే అదనపు సేవ కూడా కాదు. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 13న ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 21వ అధికరణం ఇదే చెబుతుంది: ప్రజలందరికీ ఇచ్చే సమాచారాన్ని వికలాంగులకు అందుబాటు రూపంలో, సకాలంలో, అదనపు ఖర్చు లేకుండా ఇవ్వాలి. 'సకాలంలో' అన్న మాటను అందరూ మరిచిపోతారు. గడువు దాటిన మూడు వారాలకు వచ్చే సులభ ప్రతి (చిన్న వాక్యాల్లో, తేలిక మాటల్లో రాసే 'ఈజీ రీడ్') ఎవరికీ అక్కర్లేదు.

మాట్లాడించడం

ఈ వార్తల్లో ఎక్కువ తప్పులు ఇంటర్వ్యూ దగ్గరే పుడతాయి. విలేకరికి దురుద్దేశం ఉండి కాదు. మామూలుగా అడిగే పద్ధతే ఇక్కడ తప్పు జవాబులు తెస్తుంది.

మొదటిది 'అవును' సమస్య. మేధో వైకల్యం ఉన్నవాళ్ళలో చాలామంది అవును-కాదు ప్రశ్నలకు, ముఖ్యంగా ప్రశ్న అర్థం కానప్పుడు, 'అవును' అనేస్తారని 1980ల మొదట్లోనే పరిశోధకులు చూపించారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఒప్పుకుంటే ఎదుటివాళ్ళు సంతోషిస్తారని, కాదంటే గొడవవుతుందని చిన్నప్పటినుంచీ నేర్చుకున్న పాఠం అది. అందుకే 'ఇక్కడ మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారా?' అన్న ప్రశ్నకు వచ్చిన 'అవును'ని కోట్ చేయకూడదు. 'ఇక్కడ మిమ్మల్ని కొడుతున్నారా?' అని అడిగినా అదే 'అవును' రావచ్చు. రెండూ ఒకే రకంగా పనికిరావు. 'నిన్న పొద్దున లేచాక ఏం చేశారు?', 'మీ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?', 'రాత్రి ఆకలేస్తే ఏం చేస్తారు?' అని అడగండి. కళ్ళకు కట్టే సంగతి అడిగితే కళ్ళకు కట్టే జవాబు వస్తుంది.

రెండు ఎంపికలు ఇచ్చి 'ఇదా, అదా?' అని అడిగితే చివర విన్నది చెప్పే అలవాటు కొందరికి ఉంటుంది. కాసేపాగి వరస తిప్పి మళ్ళీ అడగండి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తేనే నమ్మండి. బొమ్మలు చూపించి వేలుపెట్టమంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

అయితే వరస తిప్పి అడగడం వేరు, అదే ప్రశ్నను అదే మాటల్లో మళ్ళీ అడగడం వేరు. విలేకర్లు నిర్ధారణ కోసం రెండోసారి అడుగుతారు. వినేవాళ్ళకి మాత్రం 'నేను చెప్పింది తప్పన్నమాట' అనిపిస్తుంది, జవాబు మార్చేస్తారు. తరవాత ఆ విలేకరే 'పొంతన లేకుండా మాట్లాడుతున్నారు' అని నోట్స్‌లో రాసుకుంటాడు. మళ్ళీ అడగాల్సి వస్తే 'మీరు చెప్పింది బాగానే ఉంది, నాకే సరిగ్గా అర్థం కాలేదు' అని ముందు చెప్పాలి.

కాలం గురించిన ప్రశ్నలు మరో గొయ్యి. 'ఎప్పుడు?', 'ఎన్నాళ్ళ నుంచి?', 'ఎన్నిసార్లు?' అన్నవాటికి ఏదో ఒక అంకె వస్తుంది, అది నిజం కాకపోవచ్చు. తెలిసిన సంఘటనను గుర్తుగా పెట్టుకుని అడగాలి: మీ పుట్టినరోజుకి ముందా తరవాతా, వానలు పడేటప్పుడా ఎండల్లోనా, అన్నం తిన్నాకా తినకముందా. తేదీని కాగితాల్లోంచి మీరే తేల్చుకోండి. తేదీ తప్పు చెప్పినంత మాత్రాన జరిగింది అబద్ధం అయిపోదు. కోర్టుల్లోనూ పోలీసు స్టేషన్లలోనూ ఈ ఒక్క కారణం మీదే ఫిర్యాదులు కొట్టేస్తుంటారు. విలేకరి కూడా అదే పని చేస్తే ఇక వాళ్ళు ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న అడిగాక ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. మామూలు సంభాషణలో రెండు సెకన్ల మౌనమే మనకు భారంగా ఉంటుంది, వెంటనే ప్రశ్నను మార్చి అడుగుతాం. అవతలి వ్యక్తి అప్పటిదాకా కూడదీసుకున్న జవాబు చెదిరిపోతుంది, మళ్ళీ మొదటికొస్తాడు. వీడియో తీసేవాళ్ళకి ఇది మరీ కష్టం. మౌనాన్ని ఎడిటింగులో కత్తిరించుకోవచ్చు, కెమెరా ముందు ఆపకూడదు.

ఏర్పాట్ల విషయానికొస్తే, కనీసం ఒక రోజు ముందు అయిదారు ప్రశ్నలు, మీ ఫొటో, ఎక్కడ కూర్చుంటాం, ఎంతసేపు, ఇంకా ఎవరుంటారు అన్నది ఒక పేజీలో పంపండి. ఆటిజం ఉన్న చాలామందికి అనుకోని మార్పే అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది. మినుకుమనే ట్యూబులైట్లు, గట్టిగా తిరిగే ఫ్యాన్లు లేని చోటు చూసుకోండి. గంటసేపు ఒకేసారి కూర్చోబెట్టడం కన్నా అరగంట చొప్పున రెండు రోజులు నయం. రెండో రోజు వచ్చే జవాబులే సాధారణంగా వివరంగా ఉంటాయి, మీరు అప్పటికి కొత్త మనిషి కాదు కాబట్టి. కళ్ళలోకి చూడట్లేదని, ఊగుతున్నారని, చేతులు ఆడిస్తున్నారని వార్తలో రాయకండి. అది మీకు వింతగా తోచింది అంతే, దానికీ వార్తకీ సంబంధం లేదు.

పక్కన సహాయకులు ఉండొచ్చు, చాలాసార్లు ఉండాలి కూడా. కాని వాళ్ళ పని ముందే తేల్చుకోవాలి. ప్రశ్నను తేలిక చేసి చెప్పొచ్చు, జవాబు చెప్పకూడదు. వాళ్ళు జవాబు చెబితే అది వాళ్ళ పేరు మీదే రావాలి. మాట్లాడే ముందు ప్రతిసారీ ఆ వ్యక్తి సహాయకుడి ముఖం చూస్తున్నాడంటే, విడిగా మాట్లాడే వీలు ఉందేమో అడగండి. వీలు లేదంటే ఎవరు లేదన్నారో రాసుకోండి. అదే ఒక్కోసారి అసలు వార్త.

బొమ్మల బోర్డు, టాబ్లెట్, కంటి చూపుతో నడిచే పరికరం వాడి మాట్లాడేవాళ్ళ మాటలు కూడా పూర్తి స్థాయి కోట్లే. ఏ పద్ధతిలో చెప్పారో ఒకసారి ప్రస్తావిస్తే చాలు, ప్రతి కోట్ ముందూ చెప్పక్కర్లేదు. రాసుకున్నది వాళ్ళకి చదివి వినిపించి సరిచూసుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. మరొకరు చెయ్యో మోచెయ్యో పట్టుకుని అక్షరాల మీదికి నడిపించే 'ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్' వేరు. ఇద్దరికీ వేరు వేరు బొమ్మలు చూపించి చేసిన నియంత్రిత పరీక్షల్లో, బయటికొచ్చిన మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్ళు చూసినవేనని తేలింది. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 2018లో దీన్ని వాడొద్దని మళ్ళీ ప్రకటించింది. ఇలా వచ్చిన వాక్యాలను ఆ వ్యక్తి మాటలుగా ప్రచురించడమంటే, పక్కవాళ్ళ మాటను అతని నోట్లో పెట్టడమే. అది ఎంత హృద్యంగా ఉన్నా సరే.

కోట్లు దిద్దడంలో మంత్రికి ఏ నియమమో ఇక్కడా అదే. మంత్రిగారి 'అంటే... అదీ...'లు తీసేసేవాళ్ళం ఇక్కడా తీసేయాలి. నత్తిని అక్షరాల్లో చూపించి జాలి పుట్టించకూడదు, అలాగని వాళ్ళెన్నడూ వాడని పుస్తకాల భాషలోకి మార్చకూడదు.

అనుమతి ఒక సంతకంతో అయిపోయేది కాదు. మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు, ప్రచురించే ముందు, మూడుసార్లు అడగాలి. చట్టరీత్యా సంరక్షకుడు ఉంటే ఆయన సంతకం కావాల్సిందే, కాని ఆ వ్యక్తి వద్దంటే సంరక్షకుడి సంతకం చెల్లదనే నియమం మీ డెస్కు పెట్టుకోవాలి. 'అర్థమైందా?' అని అడగకండి, దానికీ 'అవును' అనే వస్తుంది. 'ఈ వీడియో ఎవరెవరు చూస్తారో మీరు నాకు చెప్పండి' అనండి. పనిచేసే చోట యజమాని, పాత స్నేహితులు, అసలు తెలియనివాళ్ళు చూస్తారని, ఒకసారి బయటికి వెళ్ళాక పూర్తిగా తీసేయడం మన చేతిలో ఉండకపోవచ్చని వాళ్ళ మాటల్లో చెప్పగలిగితేనే అనుమతి వచ్చినట్టు.

సంస్థల లోపల జరిగేవి

ఈ రంగంలో వార్తలు సాధించిన పెద్ద మార్పులన్నీ దాదాపు మూసి ఉన్న తలుపుల వెనకనుంచి వచ్చినవే. 1968లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టీవీ విలేకరి బిల్ బాల్డీనీ, మేధో వైకల్యం ఉన్నవాళ్ళని ఉంచే పెన్‌హర్స్ట్ సంస్థ లోపలి స్థితిని అయిదు భాగాలుగా చూపించాడు. 1972 జనవరిలో టీవీ విలేకరి జెరాల్డో రివేరా న్యూయార్కు స్టేటెన్ ఐలండ్‌లోని అలాంటిదే మరో సంస్థ విల్లోబ్రూక్‌లోకి కెమెరాతో వెళ్ళాడు. దారి చూపింది అక్కడ ఉద్యోగంలోంచి తీసేసిన డాక్టర్ మైకేల్ విల్కిన్స్, ఆయన దగ్గర తాళంచెవి ఇంకా ఉండిపోయింది. అంతకుముందే స్థానిక పత్రిక స్టేటెన్ ఐలండ్ అడ్వాన్స్‌లో జేన్ కర్టిన్ వరసగా రాస్తోంది, కాని దేశం కదిలింది దృశ్యం చూశాకే. అక్కడి పరిస్థితులు మార్చాలని 1975లో కోర్టు ద్వారా ఒప్పందం కుదిరింది, 1987లో విల్లోబ్రూక్ మూతపడింది.

రివేరా కార్యక్రమాన్ని ఇప్పుడు చూస్తే రెండు సంగతులు కొట్టొచ్చినట్టు కనపడతాయి. ఒకటి, బట్టలు లేని పిల్లల్ని, పెద్దల్ని ముఖాలు కనపడేలా చూపించారు. ఇవాళ అది చేయకూడదు, చేయాల్సిన అవసరమూ లేదు. రెండోది, బెర్నార్డ్ కారబెల్లో. సెరిబ్రల్ పాల్సీ ఉన్న అతన్ని మేధో వైకల్యంగా పొరబడి చిన్నప్పుడే అక్కడ చేర్చారు, 18 ఏళ్ళు ఉంచేశారు. కెమెరా ముందు అతను తన మాటలతో తనే చెప్పాడు. లోపల ఉన్నవాళ్ళు సాక్షులు కూడా అవుతారని ఆ కాస్త ఇంటర్వ్యూ నిరూపించింది. తరవాత రోజుల్లో అతను వికలాంగుల స్వీయ హక్కుల ఉద్యమంలో నాయకుడయ్యాడు.

ఇంగ్లండ్‌లో 2011 మే నెలలో వింటర్‌బోర్న్ వ్యూ ఆస్పత్రిలో వైకల్యం ఉన్నవాళ్ళని సిబ్బంది హింసించడాన్ని బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమా రహస్య కెమెరాతో బయటపెట్టింది, 11 మంది సిబ్బందికి శిక్ష పడింది. కాని నేర్చుకోవాల్సింది శిక్షల కన్నా ముందు జరిగిన దానినుంచి. టెర్రీ బ్రయన్ అనే నర్సు మొదట యాజమాన్యానికి, తరవాత నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేశాడు. ఏమీ కదలకపోతే బీబీసీ దగ్గరికి వెళ్ళాడు. అంటే కాగితాల మీద జాడ అప్పటికే ఉంది. రహస్య కెమెరా చివరి అస్త్రం. దానికన్నా ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి: తనిఖీ నివేదికలు, వాటిలో 'సరిచేశాం' అని రాసిన లోపం తరవాతి నివేదికలో మళ్ళీ వచ్చిందా, ఒక్కో షిఫ్టులో ఎంతమంది సిబ్బంది ఉండాలి, హాజరు పట్టీలో ఎంతమంది ఉన్నారు, మనుషుల్ని బలవంతంగా కట్టడి చేసిన సంఘటనల రిజిస్టరు, అంబులెన్సు, పోలీసు పిలుపులు, ఏడాదిలో ఎంతమంది ఉద్యోగులు మానేశారు. సిబ్బంది తరచూ మారిపోతుంటే, అందులోనూ రాత్రి షిఫ్టుల్లో, ఆగి చూడాల్సిందే. మానేసినవాళ్ళు మాట్లాడతారు.

ప్రచురించే ముందు ఒక ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోండి: ఈ వార్త వచ్చిన రాత్రి ఈ మనిషి ఎక్కడ పడుకుంటాడు? ఫిర్యాదు చేసిన చోటే అయితే, ఫోన్ లాక్కోవడం, బయటికి పంపకపోవడం, మందులు పెంచడం లాంటివి జరగొచ్చు. పేరు దాచడం ఒక్కటే చాలదు. పదిమంది ఉన్న ఇంట్లో 'నలభై ఏళ్ళ, వీల్‌చెయిర్ వాడే వ్యక్తి' అంటే పేరు చెప్పినట్టే. బయట ఒక నమ్మకస్తుడికి, వీలైతే న్యాయ సహాయం చేసే సంస్థకు ప్రచురణ తేదీ ముందే తెలిసి ఉండాలి.

ఈజీ రీడ్ ప్రతి ముందు రాయండి

ఇది చాలామంది ఒప్పుకోరు. అసలు వార్త రాశాక దాన్ని కుదించి సులభ ప్రతి చేయడమే లోకరీతి. మేం తిరగేసి చేయమంటాం. ఎందుకో ఈ నమూనా చూడండి. అధికారుల ప్రకటనలోంచి నేరుగా దిగిన వాక్యం ఇలా ఉంటుంది:

'సవరించిన నిబంధనల ప్రకారం వ్యక్తిగత సహాయక భత్యం పొందుతున్న లబ్ధిదారులు తమ అర్హతను పునర్నిర్ధారించుకునే నిమిత్తం జూన్ 30లోగా సంబంధిత ధ్రువపత్రాలను సమర్పించని పక్షంలో చెల్లింపులు నిలిపివేయబడతాయని అధికారులు స్పష్టం చేశారు.'

ఇదే ఈజీ రీడ్‌లో:

మీకు సహాయకుడి కోసం డబ్బు వస్తోందా?
అయితే ఈ వార్త మీ కోసం.
మీరు ఆఫీసులో ఒక కాగితం ఇవ్వాలి.
ఆ కాగితం పేరు వైకల్య ధ్రువపత్రం.
మీకు వైకల్యం ఉందని డాక్టర్ రాసి ఇచ్చే కాగితం అది.
కాగితం ఇవ్వడానికి చివరి రోజు జూన్ 30.
జూలై 1న ఇస్తే తీసుకోరు.
కాగితం ఇవ్వకపోతే డబ్బు ఆగిపోతుంది.
కాగితం లేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి.

ఇది రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం ఎన్ని సంగతులు దాచిందో తెలుస్తుంది. 'సంబంధిత ధ్రువపత్రాలు' అంటే ఏవి? '30లోగా' అంటే ముప్ఫయ్యో తేదీ కలుపుకునా, కాదా? ఆపేది ఎవరు, మళ్ళీ మొదలవుతుందా, వెనకటి డబ్బు ఇస్తారా? వీటికి జవాబు ప్రకటనలో లేదు, విలేకరి అడగలేదు. సులభ ప్రతి ముందు రాస్తే ఈ ప్రశ్నలతో ఆఫీసుకు ఫోన్ చేయక తప్పదు. అప్పుడు పెద్ద వార్త కూడా బాగుపడుతుంది.

రాసే పద్ధతికి మంచి ఆధారం మేధో వైకల్యం ఉన్నవాళ్ళ, వాళ్ళ కుటుంబాల సంఘం ఇన్‌క్లూజన్ యూరప్ 2009లో తెచ్చిన ప్రమాణాలు. ముఖ్యమైనవి: అక్షరం 14 పాయింట్లకు తగ్గకూడదు, వరసలు ఎడమవైపు సమంగా, మాటను రెండు వరసల్లోకి విరగ్గొట్టొద్దు, ఇటాలిక్స్ వద్దు, అంకెలను అంకెలుగానే రాయాలి, శాతాలు వీలైనంత తగ్గించాలి, కష్టమైన మాట వస్తే అక్కడికక్కడే వివరించాలి. ఒకే సంగతికి చివరిదాకా ఒకే మాట వాడాలి. పైన 'భత్యం', కింద 'సాయం', మధ్యలో 'చెల్లింపు' అంటే పాఠకుడికి అవి మూడు వేర్వేరు విషయాలు. బడిలో 'ఒకే మాట మళ్ళీ మళ్ళీ వాడకు' అని నేర్పిన అలవాటును ఇక్కడ వదిలేయాలి.

తెలుగులో మరికొన్ని చూసుకోవాలి. మన క్రియ వాక్యం చివర వస్తుంది, కాబట్టి వాక్యం పొడుగయ్యేకొద్దీ పాఠకుడు అన్నీ మోసుకుంటూ చివరిదాకా నడవాలి. 'వెళ్ళి, తీసుకుని, నింపి, ఇచ్చి' అని గొలుసు కట్టడం మనకు సహజం, కాని అక్కడ నాలుగు పనులున్నాయి, నాలుగు వాక్యాలు కావాలి. ఒక్కో వాక్యం ఏడెనిమిది మాటలు దాటకుండా చూడండి. 'బడు' ప్రయోగాలు తీసేయండి, ఎవరు చేస్తారో చెప్పండి. 'లేకపోలేదు', 'కాకుండా ఉండదు' లాంటి జంట నిషేధాలు అసలే వద్దు. ఒత్తులు, గుడులు పైకీ కిందికీ పోతాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచండి. సన్నగా సాగదీసిన శీర్షికల ఫాంట్లలో ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

బొమ్మలు అలంకారం కాదు, ఒక్కో బొమ్మ ఒక్కో సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళకి పిల్లల పుస్తకాల కార్టూన్లు పెట్టడం ఎక్కువగా కనిపించే అవమానం. వీడియోలో వెనక సంగీతం తీసేయండి, దానంతటదే మొదలయ్యే ఏర్పాటు తీసేయండి, మెరుపులు తీసేయండి. హింస ఉన్న వార్తకు ముందే ఒక వాక్యం హెచ్చరిక పెట్టి, ఎక్కడ ఆపొచ్చో చెప్పండి.

ఆ తరవాత పరీక్ష. ఇన్‌క్లూజన్ యూరప్ వారి ఈజీ రీడ్ ముద్ర వాడుకోవాలంటే మేధో వైకల్యం ఉన్న కనీసం ఒకరు చదివి సరిచూసి ఉండాలి. మేం ఇద్దరు ముగ్గురుంటే మంచిదంటాం. 'ఎలా ఉంది?' అని కాకుండా 'ఇప్పుడు మీరేం చేస్తారు?' అని అడగండి. పైన చెప్పిన జూన్ 30 లాంటి చిక్కులు బయటపడేది ఇక్కడే. తడబడిన మాటను గుర్తు పెట్టుకుని మార్చండి, వాళ్ళకి వివరించి వదిలేయకండి. రేపు చదివే పాఠకుడి పక్కన మీరు ఉండరు. ఈ పనికి డబ్బు ఇవ్వాలి, కాపీ ఎడిటర్‌కి ఇచ్చినట్టే. ఏళ్ళ తరబడి పరీక్షించినవాళ్ళు రాటుదేలిపోతారు, వాళ్ళకి ఏదైనా అర్థమైపోతుంది. అప్పుడప్పుడూ కొత్తవాళ్ళను కలుపుకోండి.

రోజువారీ వార్తలకు ఇది కుదరదనే మాటకు జవాబు స్వీడన్‌లో ఉంది. సులభ భాషలో వచ్చే 'ఒట్టా సీదోర్' పత్రిక అక్కడ 1984లో మొదలైంది. నార్వేలో 'క్లార్ తాలె' 1990లో వచ్చింది. జర్మనీ రేడియో డాయిచ్‌లాండ్‌ఫుంక్ 'నాఖ్‌రిఖ్టెన్‌లైష్ట్' పేరుతో వారం వారం సులభ వార్తలు ఇస్తోంది. లోతైన పరిశోధనకూ కుదురుతుంది. 2020లో అమెరికాలో ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ, అరిజోనా డైలీ స్టార్ పత్రికతో కలిసి అరిజోనా రాష్ట్రంలో ఎదుగుదల వైకల్యాలకు అందాల్సిన సేవలపై చేసిన కథనాన్ని సరళ భాషలో కూడా ప్రచురించింది.

అంకెలు, మందులు

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆటిజం అంకెలు విడుదల చేసిన ప్రతిసారీ 'ఆటిజం విజృంభణ' అన్న శీర్షిక తయారు. 2000 సంవత్సరానికి 150 మందిలో ఒకరు, 2022కి 31 మందిలో ఒకరు. ఈ రెండో అంకె బయటికొచ్చింది 2025 ఏప్రిల్‌లో. అది చెప్పేది కొన్ని ఎంపిక చేసిన ప్రాంతాల్లో, 2022లో ఎనిమిదేళ్ళ వయసున్న పిల్లల్లో, రికార్డుల ద్వారా ఎంతమందిని గుర్తించారన్నది. దేశం మొత్తానికి తీసిన నమూనా కాదు, పెద్దవాళ్ళ సంగతి అందులో లేనే లేదు. ఈ మధ్యకాలంలో నిర్ధారణ ప్రమాణాలు మారాయి (2013లో మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5, అంతకుముందు విడిగా చూసిన ఆస్పెర్జర్స్‌ని ఆటిజంలో కలిపేసింది), పరీక్షలు పెరిగాయి, ఇంతకుముందు వదిలేసిన ఆడపిల్లల్ని, పేద వర్గాల పిల్లల్ని ఇప్పుడు గుర్తిస్తున్నారు. ఈ నాలుగు ముక్కలు లేకుండా ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టకండి.

టీకాల వల్ల ఆటిజం వస్తుందా అని చర్చ పేరుతో ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టడం ఇప్పటికైనా ఆపాలి. 1998లో టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ వ్యాసం 12 మంది పిల్లల మీద. దాన్ని వేసిన లాన్సెట్ వైద్య పత్రిక దాన్ని 2010లో వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే బ్రిటన్‌లో అతన్ని డాక్టర్ల రిజిస్టరు నుంచి తొలగించారు. దాని లోగుట్టు బయటపెట్టింది కూడా ఒక విలేకరే, బ్రయన్ డీర్. సమతూకం పేరుతో తేలిపోయిన విషయాన్ని తేలనట్టు చూపిస్తే కుటుంబాలు నష్టపోతాయి.

'అద్భుత చికిత్స' వార్త వచ్చినప్పుడు అడగాల్సినవి: పోల్చి చూసే గుంపు ఉందా, ఎంతమంది, ఎన్ని నెలలు, కొలిచినవాళ్ళకి ఎవరికి మందు ఇచ్చారో తెలుసా, మెరుగుదల చెప్పింది డాక్టరా, డబ్బు కట్టిన తల్లిదండ్రులా. పిల్లలు ఎదుగుతారు, చికిత్స లేకపోయినా కొన్ని నేర్చుకుంటారు. పోలిక లేని ప్రయోగంలో ఆ ఎదుగుదలంతా మందు ఖాతాలో పడిపోతుంది. క్లోరిన్ డయాక్సైడ్ తాగించడం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదే పదే హెచ్చరించింది, అది బట్టలు తెల్లబరిచే రసాయనం. 2005లో ఆటిజానికని చేసిన కీలేషన్‌లో (ఒంట్లోంచి లోహాలు తీసే మందు ఎక్కించడం) ఒక అయిదేళ్ళ బాలుడు చనిపోయాడు. ఇలాంటి వాటికి 'ఇంకా వివాదంలో ఉంది' అన్న మెత్తని మాట వాడకండి.

స్ఫూర్తి కథల గురించి ఎక్కువ చెప్పం. ఒక్క పరీక్ష చాలు: వైకల్యం తీసేస్తే ఇది వార్తేనా? బట్టల దుకాణంలో ఉద్యోగం వచ్చిందన్నది వార్త కాదు. అక్కడ కనీస వేతనం కన్నా తక్కువ ఇస్తున్నారా అన్నది వార్త. ఇంకా, సొంత బిడ్డను చంపిన తండ్రి గురించి 'భారం మోయలేక' అని రాసేటప్పుడు, ఆ బిడ్డకు వైకల్యం లేకపోతే మొదటి పేరాలో ఎవరి జీవితం ఉండేదో ఆలోచించండి. 'వయసు 30, బుద్ధి ఆరేళ్ళ పిల్లాడిది' అన్న వర్ణన కూడా తీసేయండి. 30 ఏళ్ళ మనిషికి 30 ఏళ్ళ అనుభవం ఉంటుంది, ఆరేళ్ళ పిల్లాడికి ఓటు, ఉద్యోగం, పెళ్ళి ఆలోచన ఉండవు. ఏం చేయగలరు, దేనికి సాయం కావాలి అన్నది రాస్తే సరిపోతుంది.

తప్పిపోయినప్పుడు

ఆటిజం ఉన్నవాళ్ళు తప్పిపోయిన వార్తకు గంటలే లెక్క. ఇలా వెళ్ళిపోయిన పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్ళలో పడటం. చాలామందిని నీళ్ళు ఆకర్షిస్తాయి. అందుకని ప్రకటనలో మొట్టమొదట 'దగ్గర్లోని చెరువులు, కాలువలు, బావులు, ఈత కొలనులు చూడండి' అని ఉండాలి. వేసుకున్న బట్టలు, ఫొటో, చివరిసారి కనిపించిన చోటు, ఎంతసేపైంది, వేటి మీద ఇష్టం ఎక్కువ (రైళ్ళా, ఫౌంటెన్లా), పేరుకు పలుకుతారా, మాట్లాడతారా అన్నవి తరవాత. కనపడితే ఏం చేయాలో కూడా రాయండి: గట్టిగా అరవొద్దు, చుట్టూ గుమిగూడొద్దు, అవసరం లేకుండా పట్టుకోవద్దు, చిన్న మాటలతో మాట్లాడుతూ దగ్గరే ఉండి ఫోన్ చేయండి. రోడ్డుకో నీళ్ళకో దగ్గర్లో ఉంటే మాత్రం ఆపాల్సిందే.

మనిషి దొరికాక ఆ ఫొటో, పేరు, ఇంటి ప్రాంతం, 'పలకరిస్తే జవాబు చెప్పలేడు' అన్న వివరం ఇంటర్నెట్‌లో ఉండిపోతే అది మోసగాళ్ళకి దారి చూపించడమే. దొరికిన రోజే తీసేయండి. సోషల్ మీడియాలో పంచుకున్నవాళ్ళని కూడా తీసేయమనండి. 'క్షేమంగా దొరికారు' అని పేరు లేకుండా ఒక వాక్యం ఉంచితే చాలు.

వార్త వెళ్ళాక

సవరణ వచ్చినప్పుడు పెద్ద వార్తను దిద్ది సులభ ప్రతిని మరిచిపోవడం చాలా చోట్ల జరిగే పొరపాటు. ఆ ప్రతిని నమ్ముకున్నవాళ్ళకి వేరే ఆధారం ఉండదు, కాబట్టి నిజానికి ముందు దిద్దాల్సింది అదే. కింద చిన్న గమనిక పెడితే కుదరదు. పైనే 'నిన్న మేం తప్పు తేదీ రాశాం. సరైన తేదీ ఇది.' అని రాయండి. వాళ్ళకి వార్త వాయిస్ మెసేజ్‌గా వెళ్ళి ఉంటే సవరణా వాయిస్ మెసేజ్‌గానే వెళ్ళాలి. ఆడియోలో పాతది తీసేసి కొత్తది పెట్టండి. రెండూ ఉంచితే ఏది వినాలో తెలియదు.

మాట్లాడినవాళ్ళకి వార్త ప్రతిని వాళ్ళు చదవగలిగే, వినగలిగే రూపంలో అందజేయండి. వారం తరవాత ఒకసారి, నెల తరవాత ఒకసారి ఫోన్ చేయండి. 'అంతా బాగానే ఉందా?' అంటే మళ్ళీ 'అవును' వస్తుంది. నిన్న ఎక్కడికెళ్ళారు, ఎవరితో మాట్లాడారు, మీ ఫోన్ మీ దగ్గరే ఉంటోందా అని అడగండి.